రెండు వృత్తుల నడుమ రిఫరీ

ఫుట్‌బాలు పందెము జరుగుచుండగా మైదానమునందు ఇరువదిమువ్వురు పరుగెత్తుచుందురు. చూపరుల కన్నులు మాత్రము ఇరువదిరెండుగురి మీదనే యుండును. ఇరువదిమూడవవానికి బంతితో పని లేదు. జయాపజయములతో నిమిత్తము లేదు. చేత నొక యీల, జేబులో రెండు చీటీలు, మణికట్టున గడియారము, ఇంతే అతని సొత్తు. అతడు తప్పు చేసెనని తోచినప్పుడు తప్ప అతని పేరేమని యడుగువారు లేరు. ఆ యిరువదిమూడవవానిని గుఱించి ఈ యేటి సంచికలో కొంత విరివిగా వ్రాయదలచితిమి.

ఇందులకు కారణము మన కన్నులయెదుటనే యున్నది. బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగరము, మియాపూరు ప్రాంతములందు పాఠశాలలు హెచ్చినవి. బంతి తన్ను బాలురును బాలికలును హెచ్చిరి. రిఫరీలు మాత్రము ఆ లెక్కన హెచ్చలేదు. రెండు పాఠశాలల నడుమ పందెము కుదిరినప్పుడెల్ల, బంతి యెవరిది, మైదాన మెవరిది అను ప్రశ్నలు తీఱిన పిమ్మట, ఈల యెవరు పట్టుదురు అను ప్రశ్న కడపట మిగులును. తఱచుగా ఏదో యొక పక్షపు డ్రిల్లు మాష్టరుగారే ఆ పనికి పూనుకొనవలసి వచ్చును. ఆయన యెంతటి ధర్మాత్ముడైనను ఓడిన పిల్లలు ఆయన తీర్పును నమ్మరు. గెలిచిన పిల్లలు సయితము లోలోపల సందేహింతురు. గెలుపులోని తీపి సగము అక్కడనే పోవును.

ఇది క్రొత్త చిక్కు కాదు. ఇంగ్లండునందు ఈ యాట నియమబద్ధమైన తొలిదినములలో ఒక్కొక్క పక్షమువారు ఒక్కొక్క తగవరిని తమతో తెచ్చుకొనెడివారు. ఆ యిద్దఱికి మాట కుదరనప్పుడు మాత్రమే గిరి వెలుపల నిలిచియున్న మూడవ పెద్దమనిషిని అడుగుదురు. ఆతడే రిఫరీ. ఎవరి తగవరి వారి పక్షమే పలుకుచుండుటచేత ఆట కంటె వాదమే పొడవయ్యెను. 1891లో నియమములు మార్చి, రిఫరీని మైదానము నడుమకు తెచ్చి, తీర్పు సర్వము అతని చేత నుంచిరి. ఇరుపక్షముల తగవరులు గిరి యొద్ద నిలుచు సహాయకులైరి. అనగా మన పాఠశాలల పందెములు పెక్కు ఇప్పటికిని 1891కి వెనుకటి స్థితియందే యున్నవని చెప్పవలెను. ఇది మాకు సంతోషము కలిగించు మాట కాదు.

రిఫరీలు ఎందుకు చాలరు? మా విద్యార్థులలో నెవ్వడైనను పెద్దవాడనై డాక్టరునగుదుననిన తల్లిదండ్రులు మురియుదురు. ఇంజనీరునగుదుననిన మఱింత మురియుదురు. రిఫరీ నగుదుననినచో, 'దానివలన నేమి వచ్చును?' అని యడుగుదురు. ఆ ప్రశ్న తప్పు కాదు. ఈల యొక్కటి పట్టుకొని సంసారము నీడ్చుట మన దేశమున బహుకొద్దిమందికే సాధ్యము. జిల్లా పందెములకు, పాఠశాలల పందెములకు ఇచ్చు రుసుము ప్రయాణపు ఖర్చులకు సరిపోయిన గొప్ప. కావున రిఫరీ కాదలచినవానికి మఱియొక వృత్తి యుండి తీరవలెను. ఆ రెంటిని ఒక్క మనుష్యుడు ఎట్లు మోయును, మోయుట మేలా కీడా, మోయువానికి లోకము చేయవలసిన దేమి అనునవే ఈ వ్యాసమున విచారింప దలచిన విషయములు.

దూరదేశముల ముచ్చటకు ముందు ఇంటి ముచ్చట చెప్పుకొందము. హైదరాబాదు ఫుట్‌బాలు అనగానే పెద్దలు సయ్యదు అబ్దుల్ రహీముగారి పేరు తలచుదురు. 1909లో జన్మించిన రహీముగారు వృత్తిచేత ఉపాధ్యాయులు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, నగరములోని పాఠశాలలలో పిల్లలకు పాఠములు చెప్పుచు, 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియైరి. వారు తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదు మాఱులు రోవర్సు కప్పును గెలిచినది. ఆ జట్టువారు పేరునకు తగినట్లు పోలీసు కొలువునందున్నవారే. రహీముగారి శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు పొందినది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సునందు నాలుగవ స్థానమున నిలిచినది. 1963లో రహీముగారు స్వర్గస్థులైరి. బడిపంతులు ఒకడు జీతపురాళ్లతో కాలము గడపుచు దేశమునకు ఫుట్‌బాలు నేర్పెనన్న సంగతి, ఈ నగరమున రెండు వృత్తుల సంప్రదాయమునకు వేరు వంటిది.

ఆ వేరునుండి మొలచిన కొమ్మయే మాకిప్పుడు కావలసినది. రహీముగారి కుమారుడు సయ్యదు షాహిద్ హకీముగారు 1939లో జన్మించిరి. భారత వాయుసేనయందు అధికారిగా పనిచేసి స్క్వాడ్రన్ లీడరు పదవి నందుకొనిరి. మధ్యవరుస ఆటగానిగా 1960 రోము ఒలింపిక్సునకు వెళ్లిన భారతజట్టున వారికి చోటు దొరికినది. ఆ జట్టునకు శిక్షకులు తండ్రిగారే. అయినను హకీముగారు అక్కడ ఒక్క పందెమునందైనను మైదానమున అడుగుపెట్టలేదు. శిక్షకుని మనసులోని లెక్క యేదైనను కానిండు. తండ్రి చేతిలో జట్టుండగా కొడుకు వెలుపల కూర్చుండి చూచెను. మన యూళ్లలో పెద్దల చేత నధికార మున్నచో వారి పిల్లలకు పీటలు ముందుగా పడుట నెఱిగినవారికి ఈ ముచ్చట యెంత అరుదో చెప్పనక్కఱలేదు. అట్టి యింట పెరిగినవాడు పిమ్మట ఈల చేతబట్టుట తగినదే యని మాకు తోచుచున్నది.

హకీముగారు ఆటగానిగా విరమించి ఊరకుండలేదు. అంతర్జాతీయ ఫుట్‌బాలు సమాఖ్యవారి బిళ్ల ధరించిన రిఫరీయై దేశాంతరముల జట్ల నడుమ తీర్పరి యైరి. 1988 నాటి ఆసియాఖండపు పందెములయందును ఈల పట్టిరి. అప్పటికి వారి వయస్సు ఏబదికి చేరువ. ఏబదేండ్లకు చేరువైనవాడు ఇరువదేండ్ల వారి వెంట తొంబది నిమిషములు పరుగెత్తుట యెట్టిదో చదువరులు ఊహింపవచ్చును. ఇంతేకాక, శిక్షకులుగా మహీంద్ర జట్టును 1998లో డ్యూరండు కప్పు విజేతలుగా నిలిపిరి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలకు పి. కె. బెనర్జీగారితో కలిసి భారతజట్టును సిద్ధపఱచిరి. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారము వారిని వరించినది. 2021 ఆగష్టు 22వ తేదీన కలబురగియందు దివంగతులైరి. సైనికాధికారి, ఆటగాడు, శిక్షకుడు, రిఫరీ: నలుగురు మనుష్యులకు చాలిన పనిని ఒక్కడు చేసెను. అయినను హకీముగారి పేరు తెలిసిన బాలుడు మా తరగతులలో నున్నాడో లేడో. విదేశపు ఆటగాండ్ర పేర్లు మాత్రము చొక్కాల వీపులమీద వ్రాయించుకొని తిరుగుచున్నారు!

ఇట్టి జీవితము వాయుసేన వంటి కొలువునందు సాధ్యమైనదని మఱువరాదు. సేన, రైల్వే, పోలీసు, బ్యాంకులు మొదలగు సంస్థలు ఆటగానికి సెలవిచ్చుటను బహుకాలముగా మర్యాదగా పాటించినవి. ఆటకు వెళ్లిన దినములను పనిదినములుగనే లెక్కించు వాడుక వానియందు గలదు. మన దేశపు ఫుట్‌బాలు ఈ సెలవుచీటీల మీదనే బ్రతికినదనిన అతిశయోక్తి కాదు.

ఇక విదేశముల సంగతి. నేటి నియమావళికి 1938లో చక్కని రూపము దిద్దిన స్టాన్లీ రౌస్ వాట్‌ఫర్డు పట్టణమున పాఠశాల ఉపాధ్యాయుడు. 1934లో ఇంగ్లండు కప్పు తుదిపందెమునకు రిఫరీ. రిఫరీ మైదానమునకు అడ్డముగా మూలనుండి మూలకు పరుగెత్తుచు, సహాయకు లిద్దఱు ఎదురుమూలల గిరులను కాచు పద్ధతిని ప్రచారము చేసినవాడు నతడే. 1974 ప్రపంచకప్పు తుదిపందెమును నడపిన జాక్ టెయిలరు వుల్వర్‌హాంప్టనునందు మాంసపు టంగడి నడపువాడు. మ్యూనిక్ నగరమున, పశ్చిమజర్మనీ వారి సొంత గడ్డమీద, జర్మనులలో నొక్కడైనను బంతిని తాకకమునుపే వారికి ప్రతికూలముగా పెనాల్టీ విధించెను. ఆ మైదానమున ఆ క్షణమున ఆ చేయి చూపుటకు ఎంతటి గుండె కావలెను! 2002 తుదిపందెపు రిఫరీ ఇటలీ దేశీయుడు కొల్లీనా ధనవ్యవహారములలో సలహాదారు. 2010లో ఆ యాసనము నెక్కిన హోవర్డు వెబ్ పోలీసు సార్జెంటుగా నుండినవాడు. ఆ నాటి తుదిపందెమున పదునాలుగు మాఱులు పసుపుచీటి చూపవలసి వచ్చెను. పోలీసు కొలువు అక్కఱకు వచ్చి యుండునేమో!

వీరందఱిలో మా పాఠశాలవారికి మిక్కిలి దగ్గఱివాడు కెన్ ఆస్టను. ఆయన లండను శివారున పాఠశాల ప్రధానోపాధ్యాయుడు. 1962లో చిలీ ఇటలీ జట్ల నడుమ సాంటియాగోలో జరిగిన పందెమునకు రిఫరీ. అది పందెము కాదు, కొట్లాట; పోలీసులు పలుమాఱులు మైదానమునకు రావలసి వచ్చెను. భాష తెలియని ఆటగానికి 'నిన్ను హెచ్చరించితిని, నిన్ను వెడలగొట్టితిని' అని తెలియజెప్పుట యెట్లు? 1966లో ఇంగ్లండు అర్జెంటీనా పందెమున ఇదే గందరగోళము మఱల పుట్టినది. ఎవరు హెచ్చరింపబడిరో వారికే తెలియకపోయెను. ఆ విషయమే తలపోయుచు ఆస్టను బండి నడుపుకొని పోవుచుండగా కూడలి దీపము పసుపై, పిదప ఎఱ్ఱనైనదట. పసుపు హెచ్చరిక, ఎఱుపు నిలుపుదల: ప్రపంచమంతట నర్థమగు భాష! 1970లో మెక్సికో ప్రపంచకప్పునందు ఆ చీటీలు తొలుత వాడుకలోనికి వచ్చినవి. దినమంతయు పిల్లలకు పాఠము లర్థమగునట్లు చెప్పుటకు తంటాలుపడు పంతులుకే ఇట్టి యూహ తట్టుట వింతగాదు. అతని బడిపని అతని ఈలకు అడ్డు కాలేదు, తోడైనది.

జర్మనీ దేశీయుడు మార్కస్ మెర్కు దంతవైద్యుడు. 2004లో ఐరోపా కప్పు తుదిపందెము అతని యీలతోనే మొదలై యీలతోనే ముగిసినది. అతడు పెక్కుసంవత్సరములు మన దక్షిణభారతమునకు వచ్చి పేదలకు ఉచితముగా దంతవైద్యము చేసెననియు, అనాథబాలలకు తోడ్పడెననియు మనవారిలో నెందఱికి తెలియును? లక్షమంది కేకలు వేయుచుండగా తీర్పు చెప్పు మనుష్యుడు పల్లెపిల్లవాని నోటిలో దీపము వేసి చూచుచుండుటను తలచికొనిన మనసునకు హాయి కలుగును.

'ఇద్దఱు యజమానులు' అను సువార్తవాక్యము నెత్తి చూపి, ఒక మనుష్యుడు రెండు పనులు చేయరాదని వాదించువారు గలరు. ఆ వాక్యము ధనమునకు దాసుడగుటను గుఱించినది గాని, రెండు పనులు చేయుటను గుఱించినది కాదని మా సువార్తపాఠమున వినని విద్యార్థి లేడు. అపొస్తలుడైన పౌలు గుడారములు కుట్టి తన కూడు తాను సంపాదించుకొనెను. బోధ వినువారికి బరువు కారాదని ఆయన తలంపు. మన తెలుగునాట పోతనామాత్యుడు హలము పట్టి బ్రతికెననియు, కృతిని రాజుల కమ్మనొల్లడయ్యెననియు పెద్దలు చెప్పుదురు. ఈ దృష్టాంతములందలి రహస్య మొక్కటే. ఎవని కూడు వేఱొకచోట పుట్టునో, వాని నాలుక ఇచ్చట స్వేచ్ఛగా నుండును.

రిఫరీ విషయమున ఇది అక్షరాల నిజము. పందెము పెట్టినవాడు ధనవంతుడు. అతని జట్టే ఓడిపోవుచున్నది. కడపటి నిమిషమున అతని జట్టువాడు ప్రతిపక్షిని పెనాల్టీ గిరిలో పడద్రోసినాడు. ఈల యూదినచో మఱుసటి సంవత్సరము పిలుపు రాదు. ఆ పిలుపుమీదనే ఇల్లు గడచువానికి ఆ క్షణమున ఎంత కష్టము! సోమవారము ప్రొద్దున తన బల్లయొద్దకు, తన రోగులయొద్దకు, తన తరగతిగదికి పోగలవాడు భయము లేక యూదును. కావున రెండవ వృత్తి రిఫరీకి భారము మాత్రమే కాదు, కవచము కూడ నగును.

అట్లని ఆ భారము తక్కువదని చెప్పుట న్యాయము కాదు. పదునేడు నియమములు గల గ్రంథమును కంఠస్థము చేయుట మొదటి మెట్టు. ఆ నియమములు ఏటేట ఎక్కడనో యొకచోట మాఱుచుండును. నిరుడు చదివినది ఈ యేడు చాలదు. ఒక పందెమునందు రిఫరీ పది మొదలు పండ్రెండు కిలోమీటర్ల వఱకు నడచియు పరుగెత్తియు తిరుగును. అంతర్జాతీయ స్థాయి పురుష రిఫరీలకు పెట్టు దేహపరీక్షలో నలువది మీటర్లను ఆఱు సెకండ్లలో ఆఱు మాఱులు పరుగెత్తవలెను. పిమ్మట 75 మీటర్లు 15 సెకండ్లలో పరుగు, 25 మీటర్లు 18 సెకండ్లలో నడక, ఇట్లు నలువది మాఱులు, అనగా నాలుగు కిలోమీటర్లు. పరుగెత్తుచున్నప్పుడే కన్ను చూడవలెను, బుద్ధి నిర్ణయింపవలెను, చేయి చూపవలెను. పరుగు వేగమునకు ఊపిరాడనివాని బుద్ధి సరిగా పనిచేయదు గదా. అంతర్జాతీయ సమాఖ్యవారి పట్టికలో చేరినవానికి సయితము ఆ గౌరవము ఒక్క సంవత్సరమునకే. మఱుసటి యేట పేరు మఱల రావలెను.

ఇట్టి సాధనను మన ప్రాంతపు యువకుడు ఎట్లు చేయును? బాచుపల్లి వాసులలో పెక్కుమందికి హైటెక్ సిటీయందో గచ్చిబౌలియందో కొలువు. మియాపూరు వఱకు ఒక బండి, అచ్చటినుండి మెట్రో, మఱల ఒక ఆటో. లేదా కంపెనీ బస్సు. దినమున మూడు గంటలు దారిపాలు. కొందఱికి సముద్రముల కావలి దొరల గడియారము ననుసరించి రాత్రివేళ పని. మే మెఱిగిన యువకు డొకడు జిల్లాస్థాయి రిఫరీ పరీక్షయం దుత్తీర్ణుడై, సాఫ్ట్‌వేరు కొలువు చేసుకొనుచున్నాడు. అతడు వారమున నాలుగుదినములు తెల్లవాఱకమునుపే లేచి పరుగెత్తును; శనివారము ఎండలో రెండు పందెములు నడపును; ఆదివారము మోకాళ్లకు మంచుగడ్డ పెట్టుకొని, మఱునాటి పనికి సిద్ధమగును. పొరుగు జిల్లాలో నాలుగుదినముల పందెములకు పిలుపు వచ్చినప్పుడు అధికారి నడిగెనట. 'నీ వాడుచున్నచో సెలవిత్తుము. ఈల యూదుటకు సెలవేమి?' అని ప్రత్యుత్తరము. అతడు తన వార్షికపు సెలవులను వెచ్చించి పోయెను. ఇంటిల్లిపాదియు తిరుపతికి పోదలచిన ప్రయాణము ఆ యేటికి నిలిచిపోయినది. ఇంటిలో జరిగిన సంభాషణను మాత్రము అతడు మాకు చెప్పలేదు.

ఆ యధికారి మాటలో మన సంఘమంతటి దోషమున్నది. ఆటగాడు లేనిదే పందెము లేదని తెలియును; రిఫరీ లేనిదే అది పందెము గాదు, గుంపుల పరుగు అని తెలియదు. ఈ నడవలోని కంపెనీలు తమ యుద్యోగుల కొఱకు ఏటేట ఫుట్‌బాలు పందెములు పెట్టుచున్నవి. రంగురంగుల చొక్కాలు కుట్టించుచున్నవి. ఆ ఖర్చులో స్వల్పభాగమును, ఉద్యోగులలోని రిఫరీలకు సంవత్సరమున పదిదినముల ప్రత్యేకపు సెలవుగా మార్చినచో వారి లాభము తఱుగునా? వాయుసేన చేయగలిగిన పని అద్దపుమేడల వారికి దుర్లభమని మేము నమ్మజాలము.

మైదానముల మాట కూడ చెప్పవలెను. ఖాళీ నేల కనబడిన చోటనెల్ల ఇండ్లు లేచుచున్నవి. వాని నడుమ వలలు కట్టి, కృత్రిమపు పచ్చిక పఱచి, గంటల లెక్కన అద్దెకిచ్చు చిన్న మైదానములు వెలసినవి. రాత్రి దీపముల వెలుగున ఉద్యోగులు అయిదుగురేసి జట్లు కట్టి యాడుచుందురు. ఇది మంచిదే. కాని ఆ యాటలలో రిఫరీ యుండుట అరుదు. ఎవని గొంతు పెద్దదో వానిదే న్యాయము. బాలురు దానిని చూచి నేర్చుకొనుచున్నారు. మైదానపు అద్దెకు, నీటిసీసాలకు, చొక్కాలకు డబ్బు వెచ్చించువారు ఈలకు వెచ్చింపరాదా?

గచ్చిబౌలి క్రీడాప్రాంగణమున 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ తుదిపందెము జరిగి వంగదేశము కేరళను గెలిచినది. 2022లో దేశపు ప్రధాన లీగు విజేతయైన హైదరాబాదు క్లబ్బు మాత్రము 2025లో ఢిల్లీకి తరలిపోయినది. పెద్ద జట్లు వచ్చును, పోవును. ఊరి రిఫరీ ఊరిలోనే యుండును.

ఇంతకంటె పెద్ద కష్టము వేఱొకటి యున్నది. అది నోటి దురుసు. 2023 డిసెంబరు 11న అంకారా నగరమున పందెము ముగిసిన వెంటనే ఓడక గెలువక నిలిచిన ఒక క్లబ్బు అధ్యక్షుడే మైదానమునకు వచ్చి రిఫరీ ముఖముమీద గుద్దెను. ఆ రిఫరీ హలీల్ ఉముత్ మెలెర్ అంతర్జాతీయ స్థాయివాడు. తుర్కీ దేశమున లీగు పందెములనే కొన్నిదినములు నిలిపివేసిరి. ఆ యేడే ఇంగ్లండునందు చిన్న పందెముల రిఫరీల ఱొమ్మునకు కెమెరాలు తగిలించి చూచిరి. తిట్లు మితిమీఱుటయే కారణము. మనవద్ద గుద్దులింకను రాలేదని సంతోషింపవలసినదే. కాని పాఠశాల పందెమునకు వచ్చిన తండ్రులు, చదువుకొన్నవారు, పదునేడేండ్ల రిఫరీని నోటికి వచ్చినట్లు తిట్టుట మేము చెవులార విన్నాము. ఆ పిల్లవాడు మఱుసటి వారము రాడు. అతడు మాను రిఫరీపని మాత్రమే కాదు. పదిమంది యెదుట న్యాయము పలుకు సాహసమును కూడ మానుకొనును. ఊరి రచ్చబండమీద కూర్చున్న తగవరిని తిట్టినవాని నోరు పెద్దలు మూయించెడివారు. మైదానమునందు మూయించువారే కఱవైరి.

పూర్తికాలము రిఫరీలుగా నుండువారే కావలెనని వాదించువారి పక్షమున బలము లేకపోలేదు. ఇంగ్లండు ప్రీమియరు లీగువారు 2001లో జీతములిచ్చు రిఫరీలను ఏర్పాటు చేసికొనిరి. కోట్ల రూపాయలు చేతులు మాఱు పందెమున ఆటగాడు ఉదయము సాయంకాలము సాధన చేయుచుండగా, రిఫరీ దినమంతయు వేఱొక పని చేసి అలసి వచ్చుట న్యాయము కాదు. 2018 ప్రపంచకప్పు మొదలు వీడియో సహాయము వచ్చినది; దానిని నేర్చుటకును దినములు పట్టును. అగ్రస్థానముననున్న కొద్దిమందికి దేశము జీతమిచ్చి పోషింపవలెననుటను మేమును అంగీకరింతుము. కాని ఆ కొద్దిమంది ఆకసమునుండి ఊడిపడరు. జిల్లాలలో, పాఠశాలలలో, ఆదివారపు పందెములలో ఈల యూదిన వేలమందినుండియే రావలెను. ఆ వేలమందికి జీతము లిచ్చువా రెన్నడును లేరు, ఉండబోరు. కొమ్మకు ఎరువు వేసి వేరును ఎండగట్టు పద్ధతి మాకు నచ్చదు. ప్రపంచకప్పు పందెమున సహాయక రిఫరీగా నిలిచిన మొదటి భారతీయుడు తమిళనాటి కె. శంకరుగారు 2002లో కొరియా జపాను దేశములందు జెండా పట్టిరి. వారును చిన్నపందెముల మెట్లెక్కియే అచ్చటికి చేరిరి.

బాలికల విషయము ముగింపున తగిలించుట మా యుద్దేశ్యము కాదు గాని, స్థలము తక్కువ. గోవా వాసియగు ఉవేనా ఫెర్నాండెస్‌గారు 2016లో జోర్డానునందు జరిగిన బాలికల ప్రపంచకప్పున సహాయక రిఫరీయైరి. 2022 డిసెంబరు 1న ఫ్రాన్సు దేశీయురాలు స్టెఫనీ ఫ్రాపార్ పురుషుల ప్రపంచకప్పు పందెమును నడపిన మొదటి స్త్రీ యయ్యెను. మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి బాలికలు తగవులు తీర్చు నేర్పును వరండాలలో చూచుచున్నవారము గనుక, ఈలలు వారికే ముందుగా నీయవలెనని మా యభిప్రాయము.

ఇక చేయదగినది. రాబోవు విద్యాసంవత్సరమున తరగతుల నడుమ జరుగు పందెములన్నిటికి విద్యార్థులే రిఫరీలు కావలెను. ఏ తరగతి యాడునో ఆ తరగతివారు కారాదు. శనివారము మధ్యాహ్నము ఒక గంట నియమముల పాఠమునకు కేటాయింపవలెను. మైదానపు గిరి వెలుపల పదడుగుల దూరమున త్రాడు కట్టి, తల్లిదండ్రులను దాని కావల కూర్చుండబెట్టవలెను. పైన చెప్పిన యువకుడు నెలకొక మాఱు వచ్చి పిల్లలకు సంజ్ఞలు నేర్పుటకు ఒప్పుకొన్నాడు. వాహనపు ఖర్చు పాఠశాల భరించుట మర్యాద. నియమావళి ఆంగ్లమున నున్నది. పదవ తరగతి విద్యార్థులు, తెలుగు పండితులవారి సహాయముతో, పదునేడు నియమములను తేటతెలుగున సంగ్రహించి వ్రాసినచో ఈ సంచికయందే అచ్చువేయుటకు సిద్ధముగా నున్నాము. 'ఆఫ్‌సైడు' అను మాటకు సరియైన తెలుగుమాట యేదో తేలక ఇప్పటికే రెండు పక్షము లేర్పడినవి. ఆ తగవును తీర్చు భారము పండితులవారిదే.